ఛాతీ గుంట, పొడుచుకొచ్చిన ఛాతీ: వంగిన భుజాలు, ఆయాసం, నొప్పులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఛాతీ మధ్యలో గుంట ఉన్నవాళ్లు, రొమ్ము ఎముక ముందుకు పొడుచుకొచ్చినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. డాక్టరు గదిలో దొరికే కాస్త సమయం ఎముక గురించి మాట్లాడేసరికే అయిపోతుంది. మెడ, భుజాలు, వీపు, ఊపిరి సంగతి అడగకుండానే బయటికొస్తారు. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటిచ్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదట గమనించినప్పుడు

మావాడు ఎప్పుడూ వంగి కూర్చుంటాడు. అందుకే ఛాతీ గుంట పడిందా?

కాదు. పక్కటెముకల్ని రొమ్ము ఎముకకు కలిపే మృదులాస్థి పెరిగే తీరులో తేడా వల్ల ఇది వస్తుంది. ఎముక లోపలికి పోతే పెక్టస్ ఎక్స్‌కవాటమ్ అంటారు, ముందుకొస్తే పెక్టస్ కారినేటమ్. గుంట సుమారు 300–400 మంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. మేనమామకో, తాతకో ఉందని ఇంట్లో అడిగితే బయటపడడం మామూలే. స్కూలు బ్యాగు, ఫోను, బోర్లా పడుకోవడం దీనికి కారణాలు కావు.

అసలు జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. గుంట ముందు వస్తుంది, వంగడం తర్వాత మొదలవుతుంది. చొక్కా గుంటలోకి అంటుకోకుండా పిల్లవాడు భుజాలు ముందుకు తెచ్చి, బట్టను వదులుగా వేలాడనిస్తాడు. ఏడాది రెండేళ్లు అలాగే ఉంటే ఛాతీ ముందు కండరాలు బిగుసుకుంటాయి, వీపు కండరాలు బలహీనపడతాయి. అప్పుడు నిటారుగా ఉండాలనుకున్నా ఒళ్లు సహకరించదు. "గూనిగా కూర్చోకు" అని పదిమంది ముందు గద్దిస్తే అతను ఇంకా ముడుచుకుంటాడు. దయచేసి ఆ మాట మానేయండి.

పదకొండేళ్ల దాకా కొంచెమే ఉంది. ఒక్క ఏడాదిలో ఇంత లోతెలా అయింది?

ఎత్తు గబగబా పెరిగే వయసు అది. కాళ్లూ చేతులతో పాటు పక్కటెముకల మృదులాస్థి కూడా వేగంగా పెరుగుతుంది కాబట్టి గుంటగానీ ఉబ్బుగానీ ఆ రెండు మూడేళ్లలో బాగా మారుతుంది. పొడుచుకొచ్చే రకాన్ని చాలామంది మొదటిసారి గమనించేదే ఈ వయసులో.

మారుతోందో లేదో కంటి అంచనాతో తేల్చకండి, కొలవండి. పిల్లవాణ్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఒక స్కేలును గుంట మీదుగా అడ్డంగా, రెండు చివర్లూ ఛాతీకి ఆనేలా పెట్టండి. మామూలుగా ఊపిరి వదిలాక, రెండో స్కేలును నిలువుగా గుంటలో అన్నిటికంటే లోతైన చోటికి దించి, అడ్డం స్కేలు అడుగు అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. స్కేలు అంచుకూ సున్నా గీతకూ మధ్య ఖాళీ ఉంటే దాన్ని కలపడం మరవకండి. మూడు నెలలకోసారి ఇలా కొలిచి తేదీతో రాసిపెట్టండి. ముందు నుంచి, పక్క నుంచి ఒకే వెలుతురులో ఫోటో తీయండి. డాక్టరుకు ఇది ఎంతో పనికొస్తుంది.

గుంట ఉన్నవాళ్లందరూ నిలబడే తీరు ఒకేలా ఎందుకుంటుంది?

తల ముందుకు, భుజాలు గుండ్రంగా లోపలికి, పైవీపు వంపుగా, కింది పక్కటెముకలు బయటికి లేచి, సన్నగా ఉన్నా పొట్ట ముందుకు వచ్చినట్టు. చాలామందిలో ఇదే వరస. ఛాతీ ముందువైపు లోతుగా ఉండే పెక్టొరాలిస్ మైనర్ అనే చిన్న కండరం పొట్టిబడి, భుజపుటెముకను ముందుకు లాగుతుంది. దాన్ని సరైన చోట పట్టి ఉంచాల్సిన కింది ట్రెపీజియస్, సెరేటస్ కండరాలు ఓడిపోతాయి. పైవీపు వంగిందంటే చూపు నేల మీదికి పోకుండా మెడ ముందుకు చాచాలి, అక్కడి నుంచి మెడనొప్పి. కింది పక్కటెముకలు లేచి ఉండడంతో పొట్ట కండరాలకు సరైన పట్టు దొరకదు. అది కొవ్వు కాదు, తిండి తగ్గించినా పోదు.

రెండు నెలల పాప ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీ మధ్య లోపలికి పోతోంది. భయపడాలా?

పసిబిడ్డల ఛాతీ మెత్తగా ఉంటుంది. ఏడ్చినప్పుడు, పాలు తాగేటప్పుడు కొంచెం లోపలికి పోవడం కనిపిస్తుంది, కొందరిలో పెరిగే కొద్దీ తగ్గిపోతుంది. ఊపిరితో పాటు గొంతులో కూత లాంటి శబ్దం వస్తుంటే స్వరపేటిక మెత్తగా ఉందేమో పిల్లల డాక్టరు చూడాలి. కానీ నిద్రలో నిమిషానికి ఊపిరి రెండు నెలల లోపు బిడ్డలో 60, ఏడాది లోపు బిడ్డలో 50 లేదా అంతకు మించితే, ముక్కుపుటాలు ఎగరేస్తుంటే, పాలు తాగలేకపోతే, పెదాలు నీలంగా మారితే అది ఎముక సమస్య కాదు, ఊపిరి సమస్య. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇది రికెట్స్ కాదు కదా?

చిన్నపిల్లల్లో రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) వల్ల కూడా ఛాతీ ముందుకు పొడుచుకు రావచ్చు. దానితో పాటు కాళ్లు దొడ్డిగా వంగడం, మణికట్టు దగ్గర ఎముక లావెక్కడం, పక్కటెముకల వెంట పూసల్లా బుడిపెలు ఉంటాయి. విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్తపరీక్షలు, మణికట్టు ఎక్స్‌రేతో తేలుతుంది.

## లక్షణాలు మొదలయ్యాక

రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోంది. గుంట వల్లా, ఒంట్లో సత్తువ లేకా?

రెండూ కావచ్చు, తరచూ రెండూ కలిసే ఉంటాయి. లోతైన గుంట గుండెను ఎడమవైపుకు నెట్టి, దాని కుడివైపు గదిని నొక్కుతుంది. ఊరకే కూర్చున్నప్పుడు ఇబ్బంది తెలియదు. పరుగెత్తినప్పుడు గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపాలి, ఆ గదికి నిండే చోటు చాలదు, దాంతో గుండె వేగం పెంచుకుంటుంది. అందుకే తోటివాళ్లు ఇంకా హాయిగా ఆడుతుండగా వీళ్లకు దడ, ఆయాసం ముందొస్తాయి. ఊపిరితిత్తుల పరీక్ష మామూలుగానే వచ్చిందని "ఏమీ లేదు" అనుకోకూడదు. ఆ పరీక్ష విశ్రాంతిలో చేసేది. ట్రెడ్‌మిల్ లేదా సైకిల్ మీద మాస్కు పెట్టి చేసే కార్డియోపల్మనరీ ఎక్సర్‌సైజ్ టెస్ట్ అసలు పరిమితిని చూపిస్తుంది.

మరోవైపు, చొక్కా విప్పాల్సి వస్తుందనో, ఎవరైనా చూస్తారనో ఆటలు మానేసిన పిల్లలకు అలవాటు తప్పి కూడా ఆయాసం వస్తుంది. గుండె పరీక్షలో అడ్డేమీ లేకపోతే వారానికి 4–5 రోజులు, రోజుకు 30 నిమిషాల వేగనడకతో మొదలుపెట్టి మూడు నెలలు పెంచుకుంటూ పోండి. అవే మెట్లు, అదే వేగం, ఎక్కగానే నాడి ఎంతుందో ప్రతి రెండు వారాలకూ రాయండి. బాగా మెరుగైతే సత్తువ లోటు పెద్ద భాగమన్నమాట. నిజాయితీగా చేసినా కదలకపోతే సర్జన్‌తో మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టు.

ఎక్కువసేపు కూర్చుంటే ఛాతీలో పొడిచినట్టు నొప్పి. గుండెదా?

పక్కటెముక, మృదులాస్థి కలిసే చోట వేలితో నొక్కండి. అదే నొప్పి అక్కడే తిరిగొస్తే చాలావరకు అది ఛాతీ గోడ నొప్పి. వంగి రాసుకునే పరీక్షల రోజుల్లో ఎక్కువవుతుంది. ముప్పై నలభై నిమిషాలకోసారి లేచి, చేతులు పైకెత్తి నాలుగైదు లోతైన ఊపిరులు తీసుకుంటే తేలికపడుతుంది. శ్రమ పడినప్పుడే వచ్చి, ఆగగానే తగ్గే నొప్పిని మాత్రం నొక్కి చూసి తేల్చుకోవద్దు. ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి.

ఈసీజీలో "ఇన్‌కంప్లీట్ రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్" అని వచ్చింది. గుండెజబ్బా?

గుండె పక్కకు జరిగి, కొంచెం తిరిగి ఉండడం వల్ల గుంట ఉన్నవాళ్ల ఈసీజీలో ఇలాంటి తేడాలు తరచూ కనిపిస్తాయి. ఒక్క ఆ మాటతో జబ్బని నిర్ణయించరు. అయితే మైట్రల్ కవాటం వెనక్కి జారడం వీళ్లలో ఉండవచ్చు కాబట్టి ఒకసారి ఎకో తీయించడం మంచిది. తీసేవాళ్లకు ఛాతీ గుంట ఉందని ముందే చెప్పండి, కుడివైపు గది నొక్కుకుంటోందా అని ప్రత్యేకంగా చూస్తారు.

ఏ లక్షణం వస్తే ఆగకుండా పరుగెత్తాలి?

ఆడుతూ స్పృహ తప్పడం. ఉన్నట్టుండి ఒకవైపు ఛాతీలో నొప్పి, దానితో ఊపిరాడకపోవడం (పొడుగ్గా సన్నగా ఉండే కుర్రాళ్లలో ఊపిరితిత్తి చిల్లుపడి కుంచించుకుపోవచ్చు). వీపులోకి చీలినట్టు వచ్చే తీవ్రమైన నొప్పి. వీటిలో ఏదొచ్చినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

## పరీక్షల దశ

ఎవరికి చూపించాలి? ఎముకల డాక్టరుకా?

పిల్లలకు పీడియాట్రిక్ సర్జన్, పెద్దవాళ్లకు కార్డియోథొరాసిక్ సర్జన్. వెన్నెముక పక్కకు వంగి (పక్కవంపు) ఉంటే దాన్ని చూసే ఆర్థోపెడిక్ డాక్టరు, భంగిమకు ఫిజియోథెరపిస్టు తోడవ్వాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "పెక్టస్ కేసులు చూస్తారా" అని అడిగేయండి, అనవసరమైన తిరుగుడు తప్పుతుంది. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను, డాక్టరు రాసిచ్చిన ఆపరేషన్ పేరు చూపించి అడగాలి. "ఛాతీ ఆపరేషన్" అంటే ఎవరూ సరిగా చెప్పలేరు.

సీటీ రిపోర్టులో హాలర్ ఇండెక్స్ 3.6 అని ఉంది. అంటే?

ఛాతీ లోపలి అడ్డ కొలతను, గుంట అడుగు నుంచి వెన్నెముక ముందు అంచు దాకా ఉన్న దూరంతో భాగిస్తే వచ్చే అంకె. అడ్డంగా 25.2 సెంటీమీటర్లు, లోతు 7 సెంటీమీటర్లు అయితే 3.6. మామూలు ఛాతీలో ఇది 2.5 దగ్గర ఉంటుంది. 3.25 దాటితే తీవ్రం కింద లెక్క. ఊపిరి పీల్చి బిగబట్టి తీస్తే అంకె తగ్గుతుంది, వదిలి తీస్తే పెరుగుతుంది. అందుకే రెండు ఆస్పత్రుల అంకెల్ని పోల్చేముందు ఏ ఊపిరిలో తీశారో కనుక్కోండి. ఆపరేషన్ నిర్ణయం ఈ ఒక్క అంకెతో జరగదు. లక్షణాలు, గుండె మీద ఒత్తిడి, మనసు మీద భారం అన్నీ లెక్కలోకి వస్తాయి.

వెన్నెముక కూడా వంగిందేమో ఇంట్లో తెలుసుకోవచ్చా?

చొక్కా తీసి, పాదాలు కలిపి, మోకాళ్లు మడవకుండా, రెండు అరచేతులు జోడించి ముందుకు వంగమనండి. మీరు వెనక కూర్చుని వీపు ఎత్తుకు కళ్లు తెచ్చి చూడండి. ఒకవైపు పక్కటెముకలు రెండోవైపు కంటే ఎత్తుగా లేస్తే పక్కవంపు అనుమానించాలి. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కాబ్ కోణం (వంపు కొలత) 10 డిగ్రీలు, అంతకు మించితేనే స్కోలియోసిస్ అంటారు. ఛాతీ తేడా ఉన్నవాళ్లలో ఇది మామూలు జనంలో కంటే ఎక్కువ, ఎత్తు పెరిగే వయసులో ఆరు నెలలకోసారి ఇలా చూడడం అవసరం.

మార్ఫాన్ సిండ్రోమ్ ఉందేమో చూడమన్నారు. ఎందుకు?

కండరాల్నీ ఎముకల్నీ రక్తనాళాల్నీ కట్టి ఉంచే కణజాలంలో లోపం అది. ఛాతీ గుంట దాని గుర్తుల్లో ఒకటి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి పిడికిలి బిగిస్తే గోరు మొత్తం చిటికెనవేలి వైపు బయటికి రావడం, ఒక చేత్తో రెండో మణికట్టు చుట్టూ పట్టుకుంటే బొటనవేలు చిటికెనవేలి గోరును పూర్తిగా కప్పేయడం, చాచిన చేతుల కొలత ఎత్తుకు 1.05 రెట్లు దాటడం... ఇవి కలిసి ఉంటే బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) కొలవడానికి ఎకో, కళ్ల పరీక్ష తప్పనిసరి. ఫలితం వచ్చేదాకా బరువులెత్తే వ్యాయామం ఆపండి.

## ఇంట్లో చేయాల్సినవి

వ్యాయామంతో గుంట పూడుతుందా?

పూడదు. ఎముకనూ మృదులాస్థినీ కండరం బయటికి లాగలేదు. "ఆరు నెలల్లో గుంట మాయం" అనే వీడియోలు చూసి డబ్బు కట్టకండి. వ్యాయామం చేసేది వేరు: భుజాలు వెనక్కి వెళ్లి, పైవీపు విచ్చుకుంటే అదే గుంట తక్కువగా కనిపిస్తుంది, మెడనొప్పి తగ్గుతుంది, పక్కటెముకలకు కదిలే చోటు దొరికి ఊపిరి లోతుగా ఆడుతుంది. ఎముక మీ చేతుల్లో లేదు, ఇదంతా ఉంది. తేలికపాటి గుంటకు చాలామందికి ఇంతే చాలు.

సరే, రోజూ ఏం చేయాలి? ఎంతసేపు?

ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులు.

ముందు బిగుసుకున్న కండరాల్ని వదులు చేయాలి. తువ్వాలును గట్టిగా చుట్టి, అడ్డంగా భుజపుటెముకల కింది అంచు దగ్గర పెట్టుకుని వెల్లకిలా పడుకోండి, మోకాళ్లు మడిచి. చేతులు పక్కలకు చాచి రెండు నిమిషాలు. నడుము కింద కాదు, పైవీపు కిందే. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. నడుము వంగి తేలికగా ఉంటుంది కానీ బిగుసుకున్న పైవీపు అలాగే మిగిలిపోతుంది. తర్వాత గుమ్మంలో నిలబడి, మోచేతిని భుజం కంటే కొంచెం ఎత్తులో గుమ్మానికి ఆనించి, ఒక అడుగు ముందుకు వేయండి. ఒక్కో వైపు 30 సెకన్లు, మూడుసార్లు. లాగడం ఛాతీలో తెలియాలి. భుజం కీలు ముందు నొప్పి వస్తే మోచేయి దించండి.

ఆపైన బలం. బోర్లా పడుకుని, నుదుటి కింద మడిచిన గుడ్డ పెట్టుకుని, చేతుల్ని ఏటవాలుగా ముందుకు చాచి, బొటనవేళ్లు పైకి ఉండేలా నేల నుంచి రెండంగుళాలు లేపి ఐదు సెకన్లు ఆపండి. 10 సార్లు, రెండు విడతలు. మెడ లేపకూడదు. సాగే బ్యాండును కిటికీ ఊచకు కట్టి, మోచేతుల్ని పక్కటెముకల వెంట వెనక్కి లాగడం 12 సార్లు, మూడు విడతలు. లాగేటప్పుడు భుజాలు చెవుల దగ్గరికి లేస్తే బ్యాండు మరీ గట్టిదని అర్థం, వదులుదాన్ని వాడండి.

చివరగా ఊపిరి. వెల్లకిలా పడుకుని, చేతులు కింది పక్కటెముకల మీద పెట్టి, నోటితో ఆరేడు సెకన్లు పూర్తిగా వదలండి. లేచిన పక్కటెముకలు కిందికి దిగడం చేతికి తెలియాలి. వాటిని మళ్లీ లేవనివ్వకుండా, పక్కలకు వెడల్పుగా పీల్చండి. ఎనిమిది ఊపిరులు. పొట్ట ముందుకు రావడం తగ్గడానికి పొట్ట వ్యాయామాలన్నిటికంటే ఇదే ముఖ్యం.

మూడు నెలలకు గానీ ఫోటోలో తేడా కనిపించదు. నొప్పి మాత్రం ముందే తగ్గడం మొదలవుతుంది.

జిమ్‌లో బెంచ్ ప్రెస్ చేస్తే ఛాతీ నిండుతుందంటున్నారు?

కండరం గుంటకు రెండువైపులా పెరుగుతుంది, మధ్యలో ఎముక మీద పెరగదు. దాంతో గుంట ఇంకా లోతుగా కనిపించవచ్చు. పైగా ముందు కండరాలు బిగిసి భుజాలు ఇంకా ముందుకొస్తాయి. మానేయక్కర్లేదు, కానీ ప్రతి ఒక్క తోసే విడతకు రెండు లాగే విడతలు చేయండి.

ఆన్‌లైన్‌లో దొరికే పోస్చర్ బెల్ట్ కొనొచ్చా?

రోజంతా కట్టుకోవడానికి వద్దు. భుజాల్ని పట్టీ లాగుతుంటే కండరం పని మానేస్తుంది, తీసేశాక మళ్లీ మామూలే. చదువుకునే బల్ల ఎత్తు సరిచేయడం ఇంతకంటే నయం: పుస్తకాన్ని నేల మీద పెట్టి వంగి రాయకుండా పీట మీద, ఫోను కళ్ల ఎత్తులో.

యోగా, ప్రాణాయామం?

భుజంగాసనం, సూర్యనమస్కారాలు బాగా పనికొస్తాయి, నడుము కాకుండా పైవీపు వంగుతోందో చూసుకుంటే. బృహద్ధమని వెడల్పు పెరిగిందని చెప్పినవాళ్లు ఊపిరి బిగబట్టి చేసే కుంభకం, తలకిందుల ఆసనాలు డాక్టరును అడక్కుండా చేయకూడదు.

## బ్రేస్, వాక్యూమ్ బెల్

పొడుచుకొచ్చిన ఛాతీకి బ్రేస్ ఎన్ని గంటలు పెట్టాలి?

బ్రేస్ అంటే పొడుచుకొచ్చిన ఎముకను ముందు నుంచి నొక్కి ఉంచే పట్టీ. మొదట్లో రోజుకు 16 గంటలకు తగ్గకుండా, నిద్రలో కూడా, స్నానానికీ ఆటకీ తీసి. ఛాతీ చదునయ్యాక గంటలు తగ్గిస్తూ, ఎత్తు పెరగడం ఆగేదాకా రాత్రిపూట కొనసాగిస్తారు. ఒత్తిడి కొలిచే పరికరం ఉన్నచోట మొదట్లో 2.5 పీఎస్ఐ దాటనివ్వరు. ఎక్కువ బిగిస్తే తొందరగా తగ్గదు, చర్మం పుండవుతుంది. తీసిన అరగంటకు కూడా ఎరుపు పోకపోతే వదులు చేయించాలి. విఫలమయ్యేవాటిలో ఎక్కువ పిల్లలు పెట్టుకోకపోవడం వల్లే. మండు వేసవిలో లోపల పలుచని నూలు బనియన్ వేయండి, రోజుకు రెండుసార్లు మార్చండి. పాతికేళ్లు దాటాక మృదులాస్థి గట్టిపడి బ్రేస్‌కు లొంగడం కష్టం.

గుంటకు వాక్యూమ్ బెల్ పనిచేస్తుందా?

కొందరికి. ఛాతీ మీద బోర్లించి, గాలి లాగేసి ఎముకను పైకి లేపే గిన్నె లాంటి పరికరం ఇది. పదకొండేళ్ల లోపు వయసు, ఒకటిన్నర సెంటీమీటరు లోపు లోతు, మెత్తని ఛాతీ, ఏడాదికి మించి వాడే ఓపిక ఉన్నవాళ్లలో ఫలితం బాగుంటుంది. రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున మొదలుపెట్టి, 4–6 వారాల తర్వాత సమయం పెంచుతారు. చర్మం కింద ఎర్రచుక్కలు, కమిలినట్టు ఉండడం, చేతుల్లో తిమ్మిరి రావచ్చు. తిమ్మిరి వస్తే గాలి వదిలేయాలి. రక్తం గడ్డకట్టని జబ్బు, పెళుసు ఎముకలు, బృహద్ధమని ఉబ్బు ఉన్నవాళ్లు వాడకూడదు. మొదటిసారి డాక్టరు ముందే పెట్టించుకోండి.

## ఆపరేషన్ అయ్యాక

నస్ ఆపరేషన్ అయితే భుజాలు వాటంతటవే నిలబడతాయా?

చాలామందిలో నిలబడవు. డోనాల్డ్ నస్ అనే సర్జన్ 1987లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, వంచిన లోహపు పట్టీని రొమ్ము ఎముక కింద నుంచి పంపి తిప్పుతారు, ఎముక లేస్తుంది. కండరాల అలవాటు మాత్రం పాతదే. పైగా మొదటి వారాల్లో నొప్పికి భయపడి ఒక పక్కకు ఒరిగి నడుస్తారు. రోజుకు నాలుగైదుసార్లు అద్దం ముందు నిలబడి రెండు భుజాలు సమంగా ఉన్నాయో చూసుకోవడం, నడవడం మొదటి వారం నుంచే చేయించాలి. ఆపరేషన్‌కు ముందు మూడు నెలలు వీపు వ్యాయామాలు చేసినవాళ్లు తొందరగా నిలదొక్కుకుంటారు.

మొదటి ఆరు వారాలు ఏం చేయకూడదు?

నడుము మెలితిప్పడం, బిందె, స్కూలు బ్యాగు లాంటి బరువులు, చేతుల మీద ఒళ్లు మోపి లేవడం, మొదటి నాలుగు వారాలు పక్కకు తిరిగి పడుకోవడం. మంచం మీంచి లేవాలంటే ఒళ్లంతా దుంగలా ఒకేసారి పక్కకు దొర్లించి, ఎవరైనా వీపు కింద చెయ్యి వేసి లేపాలి. చంకలు పట్టి లాగకూడదు. ఒకరినొకరు గుద్దుకునే ఆటలు కనీసం మూడు నెలల దాకా వద్దు, ఆ తర్వాత సర్జన్ అనుమతితోనే. ఉన్నట్టుండి నొప్పి పెరిగి, ఛాతీ ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తే పట్టీ జరిగి ఉండవచ్చు. అదేరోజు ఎక్స్‌రే తీయించండి.

నికెల్ ఎలర్జీ అని అడిగారు. దేనికి?

మామూలు పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలు, అందులో నికెల్ ఉంటుంది. గిల్టు నగలు, గడియారం, బెల్టు బకిల్ తగిలితే దురద, దద్దుర్లు వచ్చేవాళ్లు ముందే చెప్పాలి. ప్యాచ్ టెస్ట్ (చర్మం మీద అతికించి చూసే ఎలర్జీ పరీక్ష) చేసి, ఎలర్జీ ఉంటే టైటానియం పట్టీ వాడతారు. అది ముందే కొలతకు వంచి తెప్పించాలి, వారాలు పడుతుంది.

పట్టీ ఉండగా గుండె ఆగితే ఛాతీ నొక్కొచ్చా?

నొక్కాలి, ఆగకూడదు. ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది. షాక్ ప్యాడ్లు ఒకటి ఛాతీ ముందు, ఒకటి వీపు వెనక వేయాలి. ఈ రెండు మాటలూ, ఆపరేషన్ తేదీ, పట్టీ ఏ లోహమో ఒక కార్డు మీద రాసి పర్సులో, స్కూలు డైరీలో పెట్టండి. పీఈటీ సారుకూ చెప్పండి.

పట్టీ ఎప్పుడు తీస్తారు? తీశాక గుంట మళ్లీ పడుతుందా?

సాధారణంగా రెండు నుంచి మూడేళ్లకు. తీయడం చిన్న ఆపరేషన్, తరచూ అదేరోజు ఇంటికి పంపుతారు. కొద్దిగా వెనక్కి తగ్గడం కొందరిలో ఉంటుంది. బాగా ఎదిగే వయసు మిగిలి ఉండగానే తీసేసినా, మరీ తొందరగా తీసినా మళ్లీ లోపలికి పోయే అవకాశం ఎక్కువ. నొప్పి లేదు కదా అని తీయించుకోవడం మర్చిపోయేవాళ్లూ ఉన్నారు. ఏళ్లు గడిచేకొద్దీ పట్టీ చుట్టూ ఎముక పెరిగి తీయడం కష్టమవుతుంది. డిశ్చార్జి కాగితం మీదే ఆ నెల, సంవత్సరం రాయించుకోండి.